పరాయి నంబరు లారీ

ఇటు జరగండర్రా, ఇంకా దగ్గరికి. ఆ కుండ పొయ్యి మీంచి దించి పక్కన పెట్టండి, దాని బుడబుడలో నా గొంతు మీకు వినపడదు. తలుపు వేసెయ్యండి. భయపడి కాదు, ఈ మాట చెప్పేటప్పుడు నాకు వీపు వెనక తలుపు మూసి ఉండాలి, అంతే.

మీ యోబె బాబాయి గురించి చెబుతాను. ఇప్పుడు బజారులో బొగ్గుల బస్తాలు అమ్ముకుంటూ, ఎవరితోనూ పెద్దగా మాట్లాడకుండా తిరిగే ఆ మనిషి ఒకప్పుడు లారీ తోలేవాడు. చిన్నా చితకా లారీ కాదు, వెనక రెండు తొట్లు తగిలించుకుని పాములా సాగే లారీ. కిట్వేలో రాగి పలకలు ఎక్కించుకుని ఎంపికా మీదుగా నకోండే సరిహద్దు దాటి, పక్క దేశం టాంజానియాలో సముద్రం దాకా వెళ్లేవాడు. యజమాని సిమ్వింగా, డ్రైవర్లు అతన్ని బ్వానా అనేవాళ్లు, అంటే దొర. మన దేశం వాడే, మన కిట్వేలోనే ఇల్లూ, షెడ్డూ, అన్నీ.

ఒకరోజు యోబె లారీని వీధి చివర ఆపి అన్నానికి వచ్చాడు. నేను బయటికి వెళ్లి చూస్తే లారీ అదే, ముందు అద్దం మూలన ఉన్న పగులు కూడా అదే, కానీ నంబరు పలక వేరేది. రంగు వేరు, అక్షరాలు వేరు. పెళ్లయిన పిల్లకి ఇంటిపేరు మారినట్టు మారిపోయింది.

"ఏంట్రా ఇది? బండి మార్చేశారా?" అన్నాను.

"బండి మార్లేదమ్మా, కాగితం మారింది. మా షెడ్డులో బండ్లన్నీ ఇప్పుడు టాంజానియావే. అక్కడ రాయించేశాడు మా బ్వానా."

"బండి అక్కడికెళ్లి పుట్టొచ్చిందా మళ్లీ?"

"బండెక్కడికీ వెళ్లలేదు. షెడ్డులోనే స్క్రూలు విప్పి, ఇది బిగించారు. అక్కడ పన్ను తక్కువంట. గనుల దగ్గర లోడు కూడా పరాయి నంబరు వాళ్లకే ముందు ఇస్తున్నారంట."

"మరి మన నంబరు బండ్ల వాళ్లు?"

యోబె ముద్ద కలుపుతూ తలెత్తలేదు. "రోడ్డు పక్కన వరసగా నిలబడున్నాయి వాళ్ల బండ్లు. టైర్ల కింద గడ్డి మొలిచింది."

నాకు ఆ మాట నచ్చలేదు. ఇంకో సంగతి విన్నాక అసలు నచ్చలేదు. సిమ్వింగా డ్రైవర్లందరి దగ్గరా మన దేశపు గుర్తింపు కార్డులు తీసుకుని తన బీరువాలో పెట్టి తాళం వేశాడట. ఒక జేబులో రెండు దేశాలు ఉంటే పట్టుబడతారు అన్నాడట. దారిలో టోపీ పెట్టుకున్నవాడు ఎవడు ఆపి అడిగినా స్వాహిలీలో జవాబు చెప్పాలి, టాంజానియా వాళ్లమని చెప్పాలి. అలా అని వాళ్లని షెడ్డులో వరసగా నిలబెట్టి, బడిపిల్లలకి ఎక్కాలు నేర్పినట్టు నేర్పించాడు.

"నీ కార్డు నువ్వు తెచ్చేసుకోరా," అన్నాను.

"అడిగితే పనిలోంచి తీసేస్తాడమ్మా."

మీ బాబాయి అప్పుడూ అంతే, నోరు లేనివాడు. మీ నాన్న అలా కాదు. చావింట్లో కూడా మన బెంబా బావమరుదులు వచ్చి ఒక మాట అంటే పది అప్పజెప్పేవాడు. మన న్గోనిలకీ ఆ బెంబా తెగవాళ్లకీ ఆ వరస ఉంది కదా, తాతల కాలంలో కొట్టుకుని చచ్చి, ఆ తర్వాత ఇలా సరసాల చుట్టాలమయ్యాం. మనింట్లో ఎవరైనా పోతే వాళ్లొచ్చి నీళ్లు మోసి, వంట చేసి, శవం ముందు కూర్చుని, "లే సోమరీ, ఎలకల వేటకి వేళయింది," అంటారు. మనం ఎలకలు తింటామని వాళ్లు, వాళ్లు కోతుల్ని తింటారని మనం, అదే ఎగతాళి. ఎవరికైనా కోపం వచ్చిందా, వాళ్లు ఓడిపోయినట్టే. అలాంటప్పుడు కూడా యోబె తల వంచుకుని ఒక మూల నిలబడేవాడు. వాళ్లు వాడి టోపీ లాక్కుపోయినా ఊరుకునేవాడు. అందుకే చెబుతున్నాను, అది గుర్తుంచుకుని వినండి.

ఆ ఏడు వానలు తగ్గాక నకోండేలో మీ టిసా అత్తకి ప్రసవం అయింది. నేను బయల్దేరాను. బస్సు ఎందుకు, నేనే తీసుకెళ్తాను రా అన్నాడు యోబె. ఒక కోడిని కాళ్లు కట్టి సంచిలో పెట్టుకుని, వేరుశెనగల మూట పట్టుకుని లారీ ఎక్కాను. డ్రైవరు సీటు వెనక పడుకునే పలక ఒకటి ఉంటుంది, ముందు తెర. అక్కడ కూర్చున్నాను. ఎంపికాలో ఆగి టీ తాగాం. ఎంపికా దాటాక రోడ్డు అడవిలో పడింది. నడినెత్తిన ఎండ. నిద్ర పట్టేలా ఉంది.

అప్పుడు యోబె బండి వేగం తగ్గించాడు. తెర తీసి చూస్తే రోడ్డు మీద పచ్చి కొమ్మలు పడేసి ఉన్నాయి. కాస్త దూరంలో ఇంకొన్ని, మళ్లీ ఇంకొన్ని. మీకు తెలిసిందే కదా, ముందు ఎవరి బండో చెడిపోయి ఆగిందంటే వెనకొచ్చే వాళ్లకి తెలియాలని అలా కొమ్మలు విరిచి వేస్తారు. వాటిని చూసి ఆగకుండా పోయిన డ్రైవరుని మిగతా డ్రైవర్లు మనిషి కింద లెక్కకట్టరు.

"ఎవరిదో టైరు పోయినట్టుంది. చెయ్యి సాయం కావాలేమో," అంటూ వాడు చేతి తొడుగులు వెతుక్కుంటున్నాడు.

మలుపు దగ్గర నారింజ రంగు చొక్కా వేసుకుని, టోపీ పెట్టుకున్న మనిషి చెయ్యెత్తి ఆపాడు. చూడ్డానికి అచ్చం రోడ్డు తనిఖీ వాళ్లలాగే ఉన్నాడు. కిటికీ దగ్గరికొచ్చి, చాలా మర్యాదగా, "ఎక్కడివాడివి డ్రైవరన్నా?" అన్నాడు.

టోపీ చూడగానే మీ బాబాయికి షెడ్డులో నేర్చుకున్న పాఠం నోట్లోంచి దానంతటదే వచ్చేసింది. స్వాహిలీలో, గడగడా, "టాంజానియా వాణ్ణండీ, దారెస్సలాం వెళ్తున్నాను," అన్నాడు.

ఆ మనిషి నవ్వాడు. నవ్వి టోపీ తీసి, దాంతో అడవి వైపు ఊపాడు.

అప్పుడు వచ్చింది నాకు వాసన. కాలిన రబ్బరు వాసన. మలుపు అవతల ఒక లారీ అస్థిపంజరంలా నిలబడి ఉంది, ఇంకా పొగ లేస్తోంది. గడ్డిలోంచి మనుషులు లేచారు, లోడు దొరక్క బండ్లు ఆగిపోయిన మన నంబరు డ్రైవర్లు. ఎంతమందో నేను చూడలేదు, నా కళ్లు ఒకడి చేతిలో ఉన్న డీజిలు డబ్బా మీదే ఆగిపోయాయి.

తలుపు లాగేశారు. తాళంచెవి లాక్కున్నారు. యోబెని చొక్కా పట్టి కిందికి ఈడ్చారు. పడ్డప్పుడు వాడి మోకాలు రోడ్డుకి కొట్టుకున్న చప్పుడు నాకు పైదాకా వినిపించింది.

"అన్నా, అన్నా, నేను మనవాణ్ణే!" అన్నాడు, ఇప్పుడు బెంబా మాటలో. "కిట్వే నాది! చిమ్వెంవే పేట!"

"ఇందాక దారెస్సలాం అన్నావ్ కదరా?"

"అలా చెప్పమన్నారన్నా!"

"ఇప్పుడు ఇలా చెప్పమన్నది ఎవరు, మా చేతుల్లో రాళ్లా?" అందరూ నవ్వారు. ఆ నవ్వు మంచిది కాదు. ఒకడు వంగి వాడి మొహంలోకి చూస్తూ అన్నాడు. "నకోండేలో టమాటాలమ్మే ప్రతి టాంజానియా వాడూ నీకంటే బాగా మాట్లాడతాడు బెంబా. కార్డు తియ్."

"కార్డు... యజమాని దగ్గరుంది."

"నీ దేశం కార్డు నీ యజమాని దాచుకున్నాడా? నీ పెళ్లాన్ని కూడా దాచుకున్నాడా?"

నేను దిగాను. ఎలా దిగానో తెలియదు, ఆ మెట్లు నా నడుమంత ఎత్తున ఉంటాయి. "వీడు నా కొడుకు! నా కడుపున పుట్టాడు!" అని అరుస్తూ, రొంటిన ఉన్న నా కార్డు తీసి అందరి మొహాల ముందూ తిప్పాను. ఒక కుర్రవాడు దాన్ని చూసి మర్యాదగానే తిరిగిచ్చాడు.

"నువ్వు మనదానివే అవ్వా, కాదన్నామా? కానీ ఈ పరాయి డ్రైవర్లు దారిలో ముసలాళ్లని ఎక్కించుకుంటారు. పట్టుకున్నప్పుడు అందరూ కొడుకనే అంటారు. పొద్దున ఆ కాలిన బండిలో ఉన్నామె కూడా కొడుకనే అంది."

"అతనేమయ్యాడు?" అన్నాను. ఆ కుర్రవాడు మొహం తిప్పుకుని తాడు కోసం లారీ వైపు నడిచాడు.

లారీ మీది పట్టా తాడు కోసి యోబె చేతులు వెనక్కి కట్టారు. ఒకడు వచ్చి డబ్బా వంచి లారీ టైర్ల మీద పోశాడు. పోస్తూ పోస్తూ, ఏదో తోటకి నీళ్లు పోస్తున్నట్టు తాపీగా, కొంచెం యోబె చొక్కా మీద కూడా పోశాడు. వాడు కేక కూడా వెయ్యలేదు. నా వైపే చూస్తున్నాడు, చిన్నప్పుడు సూదిమందు వేయించడానికి తీసుకెళ్తే చూసినట్టు.

నా దగ్గర ఇంకేముంది? కార్డు చూపించాను, ఏడ్చాను, కాళ్లు పట్టుకున్నాను. అప్పుడు తట్టింది. ఇది బెంబా సీమ. నేను న్గోని దాన్ని. వీళ్లు నన్ను నమ్మకపోవచ్చు, నా తిట్టు మాత్రం వీళ్లు మర్చిపోలేరు.

కళ్లు తుడుచుకుని చుట్టూ చూశాను. ఒక పక్క టైరు మీద ఎర్ర టోపీవాడు కూర్చుని ఉన్నాడు. ఎవరూ అతన్ని అడక్కుండా ఏమీ చెయ్యడం లేదు. నేరుగా అతని ముందుకెళ్లి నడుం మీద చేతులు పెట్టుకున్నాను.

"ఏం చూస్తున్నావురా కోతుల్ని కాల్చుకుతినేవాడా! నీ పళ్ల సందుల్లో ఇంకా తోక వెంట్రుకలున్నాయి. మా బల్లేలు చూసి మీ తాతలు చెట్లెక్కారు, నువ్వింకా దిగినట్టు లేవు!"

ఎవరూ నవ్వలేదు.

అతను నెమ్మదిగా టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. "నేను టోంగా తెగవాణ్ణి ముసలమ్మా," అన్నాడు. "దక్షిణం నుంచి వచ్చాను. నా పేరు హమూంగా. నీకూ నాకూ ఏ వరసా లేదు. నువ్విప్పుడు నా తాతల్ని తిట్టావ్."

అంతమందిలో, వెతికి వెతికి, మనకి సరసం లేని మనిషినే పట్టుకున్నాను. అతని మాట విని పక్కనున్నవాళ్లు ఒక అడుగు ముందుకి వేశారు. ఒకడు అగ్గిపెట్టె కోసం జేబులు తడుముకుంటున్నాడు.

అప్పుడు రోడ్డు పక్కన పాకల వైపు నుంచి ఒక ఆడగొంతు వినిపించింది.

"ఏంటీ ఎలకల కంపు? పొద్దుట్నుంచి గాలి బానే ఉందే, ఎవరొచ్చారు మా ఊరికి?"

నెత్తిన చిలగడదుంపల బుట్ట పెట్టుకుని లావాటి మనిషి ఒకామె జనాన్ని మోచేతులతో నెట్టుకుంటూ వచ్చింది. ఆమే బనా కసొండె. ఆ రోడ్డు మీద దుంపలమ్ముతుంది, ఆ డ్రైవర్లందరూ ఆమె దగ్గర తిన్నవాళ్లే. బుట్ట దించి, నన్ను కింది నుంచి పైదాకా చూసింది.

"కోతులంట, కోతులు! అవి దొరికినప్పుడు తింటాం, మీలాగా ఎలక కన్నం ముందు రోజంతా వెనక భాగం పైకెత్తి కూచోం!"

"మీకు కూచోడానికి తీరికేదీ? పరిగెత్తడమే సరిపోయింది!" అన్నాను.

"చూశార్రా, దీని నోరు చూశారా? ఇది న్గోనిదే. కళ్లు మూసుకుని చెప్తాను," అంది ఆమె జనంతో. నలుగురైదుగురు పెదవులు బిగించుకుని నవ్వు ఆపుకున్నారు.

"ఆమె గొడవ కాదు బనా కసొండె," అన్నాడు హమూంగా. "వాడి సంగతి."

"వాడి సంగతి వాణ్ణే అడుగుదాం." నా వైపు తిరిగింది. "నువ్వు నోరు మూసుకో మరదలా. ఒక్క అక్షరం అందించినా నేనెళ్లిపోతా."

ఆమె వంగి, కింద కూర్చున్న యోబె కాలికున్న చెప్పు లాగింది. ఆ చెప్పుతోనే వాడి నెత్తిన ఒకటి వేసింది. "ఏరా ఎలకల దొంగా! ఈ చెప్పు నాది ఇప్పుడు. ఏం చేస్తావ్?"

యోబె ఆమె వైపు చూశాడు. చొక్కా నుంచి డీజిలు కారుతోంది. నోరు తెరిచాడు, మూశాడు.

"నాకు అర్థమైంది," అన్నాడు హమూంగా. "సరసం తెలీదు వీడికి. పరాయివాడు."

"ఆగవయ్యా! దుంప ఉడకాలన్నా కాసేపు పడుతుంది." ఆమె గొంతు పైకి అలాగే ఉంది, కానీ ఆమె కళ్లు మాటిమాటికీ ఆ డీజిలు డబ్బా వైపు పోతున్నాయి. ఆమెకీ భయమే. పొద్దున ఏం జరిగిందో ఆమె కళ్లారా చూసి ఉంటుంది. "ఏరా! మీ తాతలు మా ఊరి మీదికొచ్చి ఎలా పారిపోయారో చెప్పనా? మొలకి కట్టుకున్న తోళ్లు కూడా వదిలేసి పోయార్రా! మా అవ్వ వాటితో పిల్లల పక్క కుట్టింది! ఏమైనా అంటావా, అనవా?"

డబ్బా పట్టుకున్నవాడు ఇంకెంత మిగిలిందో చూసుకోవడానికి చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. ఆ చప్పుడు ఒక్కటే వినిపించింది. నేను నడుముకి చుట్టుకున్న చితెంగే గుడ్డ కొంగు నోట్లో కుక్కుకున్నాను, నా నోరు దానంతటదే ఏదైనా అనేస్తుందేమోనని. పెట్టరా మాట, పెట్టు, నీ అన్న అయితే ఎప్పుడో అనేవాడు, అనుకుంటున్నాను. పురిటినొప్పులప్పుడు కూడా నేను అంతలా వాణ్ణి బయటికి రమ్మని వేడుకోలేదు.

యోబె పెదవులు కదిలాయి.

"ఏంటీ? వినపళ్లా! ఎలక కిచకిచలాడినట్టుంది!"

"నీ దగ్గరే ఉంచుకో అత్తా, చెప్పు," అన్నాడు. కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. "మావయ్యకివ్వు."

"ఎందుకురా?"

"కోతుల వెనక చెట్లెక్కీ ఎక్కీ... పాదాలు అరిగిపోయుంటాయి." గుటక మింగాడు. "ఒకటే ఇస్తున్నా. రెండోదిస్తే నిన్నొదిలేసి పారిపోతాడు."

ముందు బనా కసొండె నవ్వింది. పొట్ట పట్టుకుని, ఆ చెప్పు గాల్లో తిప్పుతూ నవ్వింది. ఆ వెనక ఒకడు, ఇంకొకడు, తర్వాత అక్కడున్న బెంబాలందరూ. మొదట మర్యాదగా నాకు కార్డు తిరిగిచ్చిన కుర్రవాడు రోడ్డు మీదే కూలబడి నవ్వాడు. "పాపం అత్తకి మొగుడు లేడురా, పోయాడు!" అని ఎవరో అరిస్తే, "అయితే అప్పుడే పారిపోయాడన్నమాట!" అని ఇంకొకడు అన్నాడు. ఇంకెవరో వచ్చి యోబె చేతుల కట్లు విప్పారు. వాడు నవ్వలేదు. చేతులు విప్పినా వాటిని వెనకే పెట్టుకుని కూర్చున్నాడు.

హమూంగా కూడా నవ్వలేదు. అందరూ నవ్వడం అయ్యేదాకా ఆగి లేచాడు.

"సరే. మనిషి మీవాడే. మీ చుట్టాన్ని తీసుకుపోండి." లారీ వైపు చూపించాడు. "అది ఎవరికి చుట్టం?"

అది కిట్వేలో ఉంటుంది, టాంజానియా పేరు పెట్టుకుంది, మన గనిలో రాగి మోస్తుంది. దాని వల్లే హమూంగా లారీ టైర్ల కింద గడ్డి మొలిచింది. దానికి అగ్గిపుల్ల గీసే ముందు నన్ను కోడి సంచి మాత్రం తీసుకోనిచ్చారు, వేరుశెనగలు అందులోనే కాలిపోయాయి.

బనా కసొండె మమ్మల్ని తన పాకలోకి తీసుకెళ్లి, యోబె డీజిలు చొక్కా విప్పించి బూడిదతో ఒళ్లు రుద్దింది. టైర్లు ఒక్కొక్కటే పేలుతుంటే వాడు ప్రతిసారీ ఉలిక్కిపడి నా చెయ్యి పట్టుకునేవాడు. ఆమె మాత్రం వాగుతూనే ఉంది, మా కోడిని తన వరస కట్నం కింద లాక్కుంది, నేను తిట్టాను, ఆమె తిట్టింది. అలా వాగకపోతే ముగ్గురం ఏడ్చేవాళ్లం.

నకోండే చేరాక యోబె సిమ్వింగాకి ఫోను చేశాడు. నేను పక్కనే ఉన్నాను. అతను అంతా విన్నాడు. విని, "ఆ నంబరు బండి నాది కాదే. అది టాంజానియా కంపెనీది. ఆ పేరుగల డ్రైవరు నా దగ్గర ఎవరూ లేరు," అన్నాడు. "నా కార్డు బ్వానా?" అన్నాడు యోబె. ఫోను పెట్టేశాడు అతను. మళ్లీ ఎత్తలేదు.

కిట్వే తిరిగొచ్చాక కొత్త కార్డు కోసం నేనే తీసుకెళ్లాను వాణ్ణి. ఆఫీసులో బల్ల వెనక ఒక అమ్మాయి, మంచిపిల్లే, తల కూడా ఎత్తకుండా, "ఎక్కడివారండీ?" అంది. అంతే. ఏ మాట చెబితే ఏమవుతుందోనని నా వైపు చూశాడు. నేను చెప్పాను, వీడు నా కొడుకు, ఈ ఊరివాడు అని. ఆ పిల్ల రాసుకుంది. అంత తేలిగ్గా రాసుకుంది. బయటికొచ్చాక గోడ పక్కన కూర్చుని వాంతి చేసుకున్నాడు.

ఇప్పటికీ అంతే. కొత్తవాళ్లు ఎవరైనా బొగ్గులు కొంటూ ఊరికే మాటవరసకి "ఏ ఊరన్నా నీది?" అంటే వినపడనట్టు బస్తా కట్టుకుంటూ కూర్చుంటాడు. అందుకే మీతో కూడా మాట్లాడడు. కోపం అనుకోకండి.

ఇదర్రా సంగతి. మీరు దీన్ని గుర్తు పెట్టుకోవాలి, నా తర్వాత మీ పిల్లలకి చెప్పాలి. బనా కసొండె పేరు తప్పకుండా చెప్పండి. హమూంగాని రాక్షసుణ్ణి చెయ్యకండి, అతని ఇంట్లో కూడా పొయ్యి వెలగాలి. పొద్దున కాలిన బండిలోని ఆ డ్రైవరు పేరు నాకు తెలియలేదు, అలా ఒకడున్నాడని మాత్రం చెప్పండి. అందరూ చెప్పు మాట చెప్పి నవ్వించి ఊరుకుంటారు. మీరలా చెయ్యొద్దు. వాడు నోరు తెరిచి మూసినప్పుడు అక్కడ ఎంత నిశ్శబ్దంగా ఉందో, ముందు అది చెప్పండి. వినేవాళ్లకి ఊపిరి ఆగాక, అప్పుడు చెప్పండి మిగతాది.